బడిపంచాంగ మెవరి చేతిలో నుండవలెను?

పెండ్లికి లగ్నము పెట్టవలసి వచ్చినప్పుడు మనము పంచాంగమును దీయుదుము. ఆ పంచాంగమైనను సూర్యోదయమును ఏ యూరి కాయూరు సరిచూచుకొనుమని చెప్పును. విత్తనము చల్లునప్పుడు కార్తెను జూతుము. అదియు వాన పడినగాని నమ్మము. ఇంత విచారముగల జనులము, మన బిడ్డలు ఎన్నడు బడికి పోవలెను, ఎన్నడు మానవలెను అను విషయమున మాత్రము ఎవరినిగాని అడిగిన పాపమున బోలేదు. శ్రీకాకుళపు కొసనున్న ఇచ్ఛాపురమునకును, తమిళ కన్నడ సీమల పొలిమేరనున్న కుప్పమునకును ఒక్కటే విద్యాపంచాంగము. జూను 12న గంట కొట్టుదురు. ఏప్రిలు నాలుగవ వారమున తాళము వేయుదురు. 2025లో ఏప్రిలు 24 మొదలు జూను 11 వఱకు 49 దినములు బడులు మూతపడియుండెను. ఈ లెక్క మన చంద్రగిరికి తగునా, తగదా యని విచారించుట ఈ వ్యాసమున నా పని.

చరిత్ర నెఱిగినవారికి మన స్థితి కొంత చిత్రముగ తోచును. చెన్నపట్టణమున కోట కట్టుకొనుటకు ఆంగ్ల వర్తకులకు 1639లో నేల నిచ్చినవాడు చంద్రగిరి రాయల యేలుబడిలోని దామర్ల నాయకుడు. ఒక మహానగరమునకు పట్టా వెడలిన రాజ్యము పేరు మన యూరి పేరు. నేడు అదే యూర మూడవ తరగతి పిల్లవానికి సెలవు లెన్నడో నిర్ణయించుకొను స్వాతంత్ర్యము ఊరివారికి లేదు. లేదనుటయు సరి గాదు. చట్టమున నున్నది, మనము చేతికి దీసికొనలేదు. ఆ మాట పిమ్మట జెప్పెదను.

మొదట మన సీమలో నేడాది యెట్లు గడచునో చూతము. ఏప్రిలు నడుమనుండి కోటకొండ రాళ్లు నిప్పులు చెఱగును. మే నెలలో తిరుపతి ప్రాంతమున ఎండ 40 డిగ్రీలు దాటుట ఏటేట చూచుచున్నదే. పెద్దలు కర్తరి యన్నది ఈ కాలమునే. అది ఇంచుమించు మే 4న ప్రవేశించి 28న విడుచును. ఆ దినములలో నూతి త్రవ్వకము, గృహారంభము కూడదని నిషేధించిరి. పెద్దవారికే పని తగదన్న యెండలో పిల్లలను తరగతి గదులలో కూర్చుండబెట్టుట పాపము. ఆ కాలమున బడి మూయుట న్యాయమే. అందుకు నేను వ్యతిరేకిని గాను. తిరుపతి గంగజాతర, మేనమామల ఇండ్ల పయనములు, పెండ్లిండ్లు అన్నియు ఆ నెలలోనివే.

ఇక వాన. ఉత్తర కోస్తాకు నైరృతి ఋతుపవనమే ప్రధానము. మనకో, అక్టోబరు మొదలు డిసెంబరు వఱకు వచ్చు ఈశాన్యపు వానయు నంత ముఖ్యము. 2021 నవంబరు 18, 19 తేదీల వానకు తిరుపతి వీథులు ఏఱులయ్యెను. స్వర్ణముఖి గట్లు మీఱెను. మన పొరుగున రామచంద్రాపురము మండలములోని రాయలచెఱువు కట్టకు గండి పడునేమో యని దిగువ పల్లెలవారు ఇండ్లు విడిచి మెట్టలకు పోవలసి వచ్చెను. అట్టి దినములలో బడులు మూయక తప్పదు. కాని రాష్ట్రమంతటికి నొక్కటిగా అచ్చయిన పంచాంగమున మన నవంబరు వానకు చోటు లేదు. రాత్రి ప్రకటించిన సెలవు, పిల్లవాడు తడిసి బడి గేటుకడకు వచ్చిన పిమ్మట తెలియును. పోయిన దినములను తరువాత రెండవ శనివారములందు పూడ్చుకొనుమందురు. ఆ పూడ్పు ఎట్టిదో ఉపాధ్యాయులకును తెలియును, పిల్లలకును తెలియును.

అనగా మనకు వలసినచోట సెలవు లేదు. వలసినదానికంటె ఎక్కువ సెలవు ఒక్కచోట కుప్పపడియున్నది. ఈ కుప్పను విడదీసి ఏడాది పొడవునను పంచుకొన్న నేమి యను ప్రశ్న క్రొత్తది గాదు. అమెరికాలోని ఇల్లినాయి రాష్ట్రమున వ్యాలీ వ్యూ అను విద్యాప్రాంతమువారు 1970లో నొక పద్ధతిని ఆరంభించిరి. 45 దినములు చదువు, 15 దినములు సెలవు; మరల 45, మరల 15. ఇట్లు సంవత్సరమంతయు తిరుగుచుండును. దీనిని ఏడాది పొడవు బడి యందురు. పేరు విని పిల్లలకు సెలవులే యుండవని భయపడ నక్కఱలేదు. పనిదినముల మొత్తము మాఱదు. సెలవుల మొత్తము మాఱదు. వాని పంపకమే మాఱును.

అయితే ఆ దేశపు అనుభవము మనకు రెండు హెచ్చరికలు చేయుచున్నది. మొదటిది: మొత్తము దినములను పెంచక పంచుట మాత్రమే చేసినచోట్ల పిల్లల చదువు చెప్పుకోదగినంతగా పెరుగలేదు. రెండవది మఱింత ముఖ్యము. లాస్ ఏంజిలిస్ నగరమున పిల్లలు క్రిక్కిఱిసి, గదులు చాలక, బడిని జట్లుగా విభజించి ఏడాది పొడవున నడపిరి. అందులో నొక పద్ధతిని బట్టి పిల్లలకు 180 దినములకు బదులు 163 దినములే చదువు దక్కెను. దినమునకు కొన్ని నిమిషములు కలిపితిమి గదా యని సమాధానము చెప్పుకొనిరి. ఆ బడులలో చదివినవారు పేదలు, వలసవచ్చినవారి బిడ్డలు. దీనిమీదను, ఇతర లోపముల మీదను 2000లో వ్యాజ్యము పడెను. 2004లో రాజీ కుదిరెను. 2012 నాటికి ఆ పద్ధతి తొలగింపబడెను. కావున పంచాంగమును మార్చెదమని యెవరైన వచ్చినప్పుడు మొదట అడుగవలసిన ప్రశ్న యిది: పేదవాని బిడ్డకు దక్కు దినము లెన్ని? అవి యొకటియైన తగ్గిన, ఆ సంస్కరణ మనకు వలదు.

ఈ హెచ్చరికలను మనస్సున నుంచుకొని మన 49 దినముల సెలవు ఏమి చేయుచున్నదో చూతము. నేను కొన్నియేండ్లుగా సాయంకాలములందు ఒక పఠనమందిరమున పిల్లలచేత పుస్తకములు చదివించు సేవకులలో నొకడను. ఏప్రిలులో కథల పుస్తకమును గడగడ చదివిన ఐదవ తరగతి బాలిక జూనులో ఒత్తులకడ తడబడుట చూచితిని. ఆ యేడు వారములలో ఆమె తమ్ముని చంకనెత్తుకొనెను, మేకలను తోలుకొనిపోయెను, నీళ్లు మోసెను, పుస్తకమును మాత్రము తాకలేదు. ఆమె యింట పుస్తకము లేదు. అదే యేడు వారములలో మా పిల్లవాడు రెండూళ్లు చూచి, నాలుగు పుస్తకములు చదివి, ఒక యాట నేర్చి వచ్చెను. ఏప్రిలులో వారిద్దరి నడుమ దూరము జానెడు, జూనులో మూరెడు. సెలవు ఒక్కటే, దాని ఫలము రెండిండ్లలో రెండు విధములు. ఈ యన్యాయమున నా కుటుంబము లాభపడు పక్షమున నున్నదని ఒప్పుకొనుటకు సిగ్గుపడను; ఒప్పుకొనకుండుటకే సిగ్గుపడవలెను.

ఇది నా యొక్కని కంటికి తోచిన మాట గాదు. అమెరికాలో 1996లో పండితులు కొందఱు 39 పరిశోధనలను కూడదీసి చూచి, వేసవిలో పిల్లలు సగటున ఒక నెల చదువును కోల్పోవుచున్నారనియు, చదువుటలో పేదపిల్లల నష్టమే అధికమనియు తేల్చిరి. పిమ్మటివారు ఆ కొలతను కొంత శంకించిరి, శంకింపనిండు. మన దేశమున మహమ్మారి దినములలో మనకు ఇంతకంటె కఠినమైన పరీక్ష జరిగినది. 2020 మార్చిలో బడులు మూసిరి. ఆంధ్రప్రదేశమున పై తరగతులకు ఆ నవంబరులో తెఱచి, 2021 వేసవిలో మరల మూసి, ఆగస్టు 16న మరల తెఱచిరి. ఆ పిమ్మట 2022లో దేశమంతట పల్లెలలో జరిగిన అసర్ పరిశీలనయందు, మూడవ తరగతి పిల్లలలో రెండవ తరగతి పాఠమును చదువగలవారు నూటికి 20.5 మంది. 2018లో వారు 27.3 మంది. వేసవి సెలవు మహమ్మారి గాదు, నిజమే. కాని బడి తలుపు మూసియున్నంతకాలము పుస్తకములేని యింటి బిడ్డ వెనుకకు జారుననుట రెంటికిని సమానము.

రెండవ నష్టము కడుపునకు సంబంధించినది. జూను మొదటివారమున నొక బాలుడు నన్ను "బడి ఎప్పుడు తీస్తారు సార్?" అని యడిగెను. చదువుమీది ప్రీతికి సంతసించితిని. వాని రెండవ ప్రశ్న "అన్నం మొదటిరోజు నుంచే పెడతారా?" అని. నా సంతోషము అంతటితో సరి. మధ్యాహ్న భోజనము బడి తెఱచిన దినములకే. వంట చేయు తల్లులకు కేంద్రపు లెక్క ప్రకారము గౌరవవేతనము ఏడాదికి పది నెలలకే. ఆకలికి మాత్రము వేసవి సెలవు లేదు. ఈ సంగతిని మనకంటె ముందు సుప్రీముకోర్టు గుర్తించినది. ఆహారపు హక్కు వ్యాజ్యమున 2001 నవంబరు 28న వండిన భోజనము పెట్టుడని యాజ్ఞాపించిన ఆ న్యాయస్థానమే, 2004 ఏప్రిలు 20న కఱవు ప్రాంతములలో వేసవి సెలవులయందును బడిపిల్లలకు భోజనము పెట్టవలెనని యాజ్ఞాపించెను. కఱవు మనకు క్రొత్త చుట్టము గాదు. కఱవు ప్రకటించిన యేడు ఈ యాజ్ఞను చేతబట్టుకొని మండలాధికారికడకు పోయిన గ్రామము లెన్ని?

మూడవ నష్టము కూలి. దీనిని గూర్చి న్యాయవాదిగ నొక మాట చెప్పవలెను. 2016లో సవరించిన బాలకార్మిక నిషేధచట్టము 14 ఏండ్లలోపు పిల్లలను ఏ పనిలోను పెట్టరాదన్నది. వెంటనే నొక సందును విడిచినది: అపాయకరము గాని తమ కుటుంబపు పనులలో బడివేళలు ముగిసిన పిమ్మట గాని, సెలవులలో గాని పిల్లలు సాయపడవచ్చును. అమ్మకు సాయపడుట తప్పని నే ననను. కాని చట్టమునందలి ఈ వాక్యమును బట్టి చూడగా సెలవుదిన మనునది విశ్రాంతిదినము మాత్రమే గాదు. ఆ సందు తెఱచుకొను దినము గూడను. సెలవును ఎంత పొడిగించిన ఆ సందు అంత పొడుగు. మన సీమలో మే చివరనుండి మామిడికోతలు సాగును. తొలకరికి చెనక్కాయ విత్తుదురు. అక్టోబరు, నవంబరులలో పెఱికెదరు. ఏ పనికాలమున బడి మూసిన ఆ పనికి చిన్న చేతులు పోవును.

అందుచేతనే "వ్యవసాయదేశము గదా, బడిసెలవులను కోతలకు సరిపెట్టుడు" అను వాదమును నేనంగీకరింపను. ఇది వినుటకు దేశీయముగ నున్నది, లోపల విషమున్నది. చంద్రగిరి మద్రాసు రాష్ట్రములో నున్న దినములలో, 1953లో, ముఖ్యమంత్రి రాజాజీ ప్రాథమిక విద్యకు నొక పథకమును తెచ్చిరి. పిల్లలకు దినమునకు మూడుగంటలు బడి. మిగిలిన వేళ ఇంటివద్ద తండ్రి వృత్తిని నేర్చుకొనవలెను. ఉన్న గురువులతో, ఉన్న గదులతో రెండింతల పిల్లలకు చదువు చెప్పవచ్చునని వారి తలపు. ఆ తలపును శంకింపను. కాని చాకలి బిడ్డ చాకిరేవునకు, కుమ్మరి బిడ్డ సారెకు, ప్లీడరు బిడ్డ పుస్తకమునకు పోవుననుట పల్లెలోని వారందఱకు తెలిసినదే. కులవిద్యయని జనులు తిరుగబడిరి. 1954లో కామరాజు ముఖ్యమంత్రి కాగా ఆ పథకము రద్దయ్యెను. గడియారమును మార్చినప్పుడు వెనుక కులము నిలిచియుండునని ఆ యేడు మనకు నేర్పినది.

దీనికి మఱుకొస తెలుగునేలమీదనే కలదు. మామిడిపూడి వెంకటరంగయ్యగారి పేరిట నెలకొన్న సంస్థ 1991 మొదలు రంగారెడ్డి జిల్లాలో పాలేరుపిల్లలను, పశువుల కాపరులను పనినుండి విడిపించి బడిలో చేర్పించెను. వారు రాత్రిబడులతో సరిపెట్టుకొనలేదు. పగలంతయు పనిచేసిన పిల్లవాడు రాత్రి నిదురపోవును గాని చదువుకొనడనిరి. బడిలో లేని పిల్లవాడు పనిలో నున్నట్లే యని యెంచి, పెద్దవయసు పిల్లలకు శిబిరములు పెట్టి, కొన్ని నెలల చదువుతో వారి యీడు పిల్లల తరగతులలో కూర్చుండబెట్టిరి. ఆ కృషికి శాంతా సిన్హాగారికి 2003లో మెగసెసే పురస్కారము లభించెను. పేదవాని పనికి బడిని వంచక, బడికొఱకు పేదవానిని పనినుండి విడిపించుటయే వారి మార్గము. బడిపంచాంగమును ఋతువునకు సరిపెట్టుకొందము, కూలికి సరిపెట్టము. ఈ గీటును దాటిన సంస్కరణ యేదియు నాకు సమ్మతము గాదు.

ఇక నధికార మెవరిదను ప్రశ్న. 2009లో చేయబడి 2010 ఏప్రిలు 1 నుండి అమలులోనికి వచ్చిన బాలల ఉచిత నిర్బంధ విద్యాహక్కు చట్టమును మనలో పలువురు విన్నారు. 9వ సెక్షనును చదివినవారు తక్కువ. ఆ సెక్షను స్థానిక సంస్థల విధులను వరుసగ జెప్పుచు, చివర నొక విధిని పేర్కొన్నది: విద్యాపంచాంగమును నిర్ణయించుట. స్థానిక సంస్థ యన నేమో రెండవ సెక్షను చెప్పుచున్నది: కార్పొరేషను, మునిసిపాలిటీ, జిల్లాపరిషత్తు, నగర పంచాయతి, పంచాయతి. రాజ్యాంగపు పదునొకండవ షెడ్యూలున పంచాయతులకు అప్పగింపదగిన విషయములలో ప్రాథమిక, మాధ్యమిక పాఠశాలలతో గూడిన విద్య కలదు. ఇంత స్పష్టముగ వ్రాసియుండగా ఏటేట రాష్ట్ర విద్యాశాఖయే పంచాంగమును అచ్చువేయుచున్నది. స్థానిక సంస్థలు దానిని గోడకు తగిలించుచున్నవి. ఇందు విద్యాశాఖవారి తప్పుకంటె మన తప్పే హెచ్చు. అడుగనివానికి అధికారము నిచ్చిన ప్రభుత్వ మేదేశమునను లేదు.

ఆ చట్టమే హద్దులను గూడ గీచినది. ఒకటి మొదలు ఐదు తరగతులకు ఏడాదికి 200 పనిదినములు, 800 బోధనగంటలు. ఆఱు మొదలు ఎనిమిది తరగతులకు 220 పనిదినములు, 1000 గంటలు. ఇవి కనీసములు. వీనికి లోపము రానీయక దినములను పంచుకొనుట స్థానిక సంస్థ పని. పాఠశాల యాజమాన్య సంఘమున నాలుగింట మూడుపాళ్లు తల్లిదండ్రులే యుండవలెను. సంఘమున సగముమంది స్త్రీలుండవలెను. అనగా పంచాంగమును మార్చుటకు వలసిన అధికారమును, ఆలోచించుటకు వలసిన సభయు రెండును మన యూరనే యున్నవి.

నేను సూచించు మార్పు చిన్నది. ఒకటి మొదలు ఎనిమిది తరగతుల వఱకే దీనిని తలపెట్టుదము. పదవ తరగతి పరీక్ష రాష్ట్రమంతటికి నొక్కటి గనుక దానిజోలికి పోవలదు. 49 దినముల వేసవి సెలవులో 35 దినములను అట్లే యుంచవలెను. ఏప్రిలు 24 మొదలు లెక్కించిన అవి మే 28తో, అనగా కర్తరితో, ముగియును. మే 29 మొదలు తొలివాన వఱకు, మార్చిలో నడపునట్లే, ఒంటిపూట బడులు నడపవలెను. ఆ రెండు వారములు క్రొత్త పాఠము చెప్పక, మఱచినదానిని నెమరువేయించిన చాలును. మిగిలిన 14 దినముల సెలవులో ఏడింటిని నవంబరు వానకు ముందే కేటాయింపవలెను. వాన రాని యేడు వానిని డిసెంబరులో నీయవచ్చును. తక్కిన యేడింటిని ఫిబ్రవరిలో నిచ్చి, ఆ వారమున వెనుకబడిన పిల్లలకు మాత్రము చిన్న జట్లుగా ప్రత్యేకపాఠములు చెప్పవలెను. మొత్తము సెలవులలో నొక్క దినము తగ్గలేదు. పనిదినములలో నొక్క దినము తగ్గలేదు.

దీనికి తోడు, ఆ 35 దినములలోను బడి ఒక తలుపు తెఱచియుండవలెను. మా వృత్తిలో దీనికి పూర్వాచారము కలదు. వేసవిలో కోర్టులు మూయుదురు. అయినను అత్యవసరపు దరఖాస్తులను వినుటకు సెలవుకాలపు న్యాయమూర్తి యొకడుండును. స్వేచ్ఛ పోవు మనిషికి సెలవు ముగియువఱకు ఆగుమనుట న్యాయము గాదని యెంచి ఈ యేర్పాటు చేసిరి. ఆకలిగొన్న బిడ్డ దరఖాస్తును వినువా డెవరు? వేసవి యుదయములందు రెండుగంటలు బడిగ్రంథాలయమును, వంటయింటిని తెఱచియుంచుడు. హాజరుపట్టీ వలదు, పాఠము వలదు, పుస్తకమును అన్నమును చాలును. వచ్చినవాడు వచ్చును. వండిన తల్లులకు ఆ నెలల వేతనమును ఇయ్యవలెను.

దీనిమీద ఆక్షేపణములు రాకపోవు. జూనులో గూడ ఎండ తగ్గదందురు. నిజము. 2023లో జూను 12న బడులు తెఱచినప్పుడును ఎండలచేత కొన్నాళ్లు ఒంటిపూటయే నడపిరి. ఎండకు మందు ఒంటిపూట యని ప్రభుత్వమే యొప్పుకొన్నది గదా! చెట్టునీడ, త్రాగునీరు, గాలివచ్చు గది లేని బడిని మాత్రము తెఱువవలదు. అవి లేని బడి యేఋతువునను బడి గాదు.

ఉపాధ్యాయులు వేసవి సెలవు గలవారగుటచేత ఇతరోద్యోగులకు వచ్చునంత ఆర్జితసెలవు వారికి రాదు. ఇప్పుడు వేసవినిగూడ లాగుకొందురా యందురు. వారి సెలవుదినముల సంఖ్య తగ్గదు గనుక మొదటి భాగమునకు ఇది యడ్డు రాదు. ఫిబ్రవరి వారమునను, వేసవి తలుపుకడను పనిచేయువారికి ఆ మేరకు ఆర్జితసెలవు నీయవలెను, ఇష్టములేనివారిని నిర్బంధింపరాదు. ఎన్నికలు, జనగణన, విపత్తుల సహాయము దప్ప విద్యేతరమైన పనులకు ఉపాధ్యాయులను వినియోగింపరాదని అదే చట్టపు 27వ సెక్షను చెప్పుచున్నది. ఆ సెక్షనును అక్షరాల పాటించిన, వేసవిని ముట్టకయే ఎన్నియో దినములు బడికి మిగులును.

అన్నకు తిరుపతిలో సెలవు, తమ్మునికి చంద్రగిరిలో బడి యైన కుటుంబమునకు చిక్కు గదా యందురు. కొంత చిక్కు తప్పదు. అయినను ఒకే రాష్ట్రమున రెండు పంచాంగములుండుట దేశమునకు క్రొత్త గాదు. హిమాచలప్రదేశమున వేసవిలో మూయు బడులును, చలికాలమున మూయు బడులును వేఱువేఱుగ నున్నవి. కొండయెత్తునుబట్టి వారు పంచుకొన్నప్పుడు, వానదిక్కునుబట్టి మనము పంచుకొనలేమా? ఒక్కొక్క పంచాయతి తన కిష్టమువచ్చినట్లు గాక, ఒక మండలమో, జిల్లాయో యొక్కమాటగ నిర్ణయించుకొన్న ఆ చిక్కు చాలవఱకు వదలును.

కడపటిగ నొక గొప్ప ఆక్షేపణ కలదు. దానిని నేనే చెప్పెదను. పంచాంగమెంత మార్చినను పాఠము పాతదే యైన ఫలమేమి? పది దినములు రాని పిల్లవానిని విడిచి పాఠము ముందుకు పోవుచుండగా, సెలవు ఎక్కడ పెట్టిన నేమి? ఈ ప్రశ్నకు జవాబు మన పాత చిత్తూరు జిల్లాలోనే దొరకినది. మదనపల్లెకడ జిడ్డు కృష్ణమూర్తిగారు స్థాపించిన ఋషివ్యాలీ విద్యాలయమువారు చుట్టుపట్ల పల్లెలలో చిన్నబడులు పెట్టి, పాఠములను నిచ్చెనమెట్లవలె అమర్చిరి. వేర్వేరు తరగతుల పిల్లలు ఒక్క గదిలో కూర్చుండి, ఎవరి మెట్టు వారెక్కుదురు. పది దినములు రానివాడు వచ్చి తాను విడిచిన మెట్టునుండియే యెక్కును. తరగతి వానిని విడిచిపోలేదు. మన పంచాంగపు మార్పునకు ఈ నిచ్చెన తోడైనగాని పూర్తిఫలము రాదు. అయినను నిచ్చెన వచ్చువఱకు తలుపు మూసియుంచుడనుట వాదము గాదు.

చదువరులారా! ఇది దొడ్డధనము వలసిన పని గాదు. రాజధానికి రాయబారములు నడపవలసిన పని గాదు. బడి మూయు ఏప్రిలు 24వ తేదికి ఇంకొక విశేష మున్నది. 1993లో పంచాయతులకు రాజ్యాంగప్రతిపత్తి నిచ్చిన సవరణ అమలులోనికి వచ్చిన దినమదియే. జాతీయ పంచాయతిరాజు దినమని దానిని జరుపుకొనుచున్నాము. గ్రామసభలు కూడును, ఉపన్యాసములగును. అదే దినమున బడి గేటునకు తాళము పడుచుండును. వచ్చు ఏప్రిలు 24న మన మండలములోని ప్రతి గ్రామసభయందును ఒక్క తీర్మానము పెట్టుదము: చట్టపు 9వ సెక్షను మాకప్పగించిన విద్యాపంచాంగపు విధిని మేము నిర్వహింపగోరుచున్నాము, మా వానకు తగిన సెలవులను, వేసవిలో పుస్తకమును అన్నమును మా బిడ్డలకు కల్పింపగోరుచున్నాము. తల్లిదండ్రుల సంఘములు దానిని బలపఱచి జిల్లాపరిషత్తునకు పంపవలెను. తీర్మానపు మాటలను వ్రాసిపెట్టుటకు నాబోటి ప్లీడర్లు ఫీజు లేకయే సిద్ధముగ నున్నారు.

స్వరాజ్యమనగా నేమని మన తాతలను అడిగిన, మన యింటి పనిని మనమే చక్కబెట్టుకొనుట యని చెప్పియుందురు. బిడ్డ బడికి పోవు దినమును నిర్ణయించుకొనుటకంటె ఇంటిపని యేమున్నది? ఆ బాలుడు జూను మొదటివారమున నన్నడిగిన ప్రశ్నకు నేనింకను జవాబు చెప్పలేదు. వచ్చు వేసవికి మన గ్రామసభ చెప్పవలెను.